నడుముకి కట్టుకున్న చేపని సొర పట్టుకుపోతోంది, ఏం చెయ్యాలి?

బరంపురం తమ్ముడు అడిగింది క్లుప్తంగా మళ్ళీ రాస్తున్నాను, కొత్తగా చదివేవాళ్ళకి కూడా అర్థమవ్వాలి కదా. తనూ, ముగ్గురు స్నేహితులూ కలిసి గోపాలపూర్‌కి దక్షిణాన సోనాపూర్ వైపు నీటి అడుగున రాళ్ళున్నచోట ఊపిరి బిగబట్టి మునిగి, రబ్బరు గన్నుతో బల్లెం వదిలి చేపలు కొడుతున్నారు. కొట్టిన చేపల్ని తాడుకి గుచ్చి నడుముకి కట్టుకుని, మళ్ళీ మునుగుతున్నారు. ఒడ్డుకి వచ్చి చూసుకుంటే కొన్ని సగమే ఉంటున్నాయి, కొన్ని అసలే ఉండటం లేదు. ఒకసారి తాడు గట్టిగా లాగినట్టయి వెనక్కి తిరిగితే చిన్న సొర కనిపించిందట. అడిగినవి మూడు: చేపని ఎలా కాపాడుకోవాలి, సొర వస్తే బల్లెంతో పొడవచ్చా, ఇంటర్నెట్‌లో అమ్మే సొరల్ని తరిమేస్తుందనే అయస్కాంతం పట్టీ కొనమంటారా.

ముందు జవాబు చెప్పేస్తాను. కొట్టిన చేప నీ ఒంటి మీద ఉండకూడదు. వీలైనంత త్వరగా అసలు నీళ్ళలోనే ఉండకూడదు. కొట్టిన వెంటనే దాని ప్రాణం తియ్యి, పైకి తీసుకురా, నీటి పైన తేలే పెట్టెలో వేసెయ్యి, ఆ తర్వాతే మళ్ళీ మునుగు. సొర అప్పటికే నోట పట్టిందంటే వదిలెయ్యి. సొరని పొడవకు. పట్టీ కోసం దాచిన డబ్బు పెట్టెకీ మంచి కత్తికీ ఖర్చుపెట్టు.

నేను గోపాలపూర్ నోలియా బస్తీలో, అంటే జాలరుల పేటలో, పుట్టినవాణ్ణి. మాది వాడబలిజ కుటుంబం, ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా. నాన్న, చిన్నాన్న తెప్ప మీద వలకి వెళ్ళేవారు. నేను ఒమాన్‌లో చాలా ఏళ్ళు పడవల మీద పని చేశాను, బల్లెంతో మునగడం అక్కడే నేర్చుకున్నాను. ఇప్పుడు ఊళ్ళోనే ఉండి, ఆసక్తి ఉన్న కుర్రాళ్ళకి నేర్పుతున్నాను. కాబట్టి కింద రాసేవి కొన్ని అక్కడి నీళ్ళవి, కొన్ని మన నీళ్ళవి. రెండూ ఒకటి కావు. ఎక్కడ తేడా ఉందో అక్కడ చెబుతాను.

సొరని పిలిచేది మొదట రక్తం కాదు, కొట్టుకునే చేప చప్పుడు. చాలామంది దీన్ని తలకిందులుగా అనుకుంటారు. బల్లెం దిగిన చేప గిలగిల కొట్టుకుంటుంటే నీళ్ళలో ఆగి ఆగి వచ్చే బొంగురు అదురు పుడుతుంది. సొర చెవికి బాగా వినపడేది ఆ రకం లోతైన చప్పుడే. 1963లో అమెరికాలో డొనాల్డ్ నెల్సన్, శామ్యూల్ గ్రూబర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు సముద్రంలో స్పీకరు దించి అలాంటి ఆగి ఆగి వచ్చే లోగొంతు చప్పుళ్ళు వినిపించారు. ఎరా లేదు, రక్తమూ లేదు, అయినా సొరలు వచ్చాయి. అదే చప్పుడు ఆగకుండా ఒకే తీరుగా మోగితే అంతగా రాలేదు. అంటే వాటికి కావలసింది దెబ్బతిన్న చేప కొట్టుకునే తీరు.

చప్పుడు విని దిక్కు పడుతుంది. తర్వాత నీటి ఒరవడికి ఎదురీదుతూ వాసన పట్టుకుని వస్తుంది. దగ్గరికి వచ్చాక కళ్ళతో చూస్తుంది. చివరి అడుగున్నర, రెండడుగుల్లో దాని ముక్కు చుట్టూ ఉన్న సన్నటి రంధ్రాలు చేప ఒంట్లోని కరెంటుని పసిగడతాయి. నీళ్ళు బురదగా ఉంటే ఈ వరసలో కంటి వంతు పోతుంది. నీకు అది కనపడదు, దానికి మాత్రం నువ్వూ నీ చేపా తెలిసిపోతాయి. అప్పుడు నడుముకి వేలాడే చేప ఎక్కడ ఆగిందో, నీ తొడ ఎక్కడ మొదలయిందో దానికి సరిగ్గా తెలియకపోవచ్చు. నా భయమంతా ఇక్కడే. మన తీరంలో సొర మనిషిని కరవడం అరుదు, అది నిజం. కానీ చేపని ఒంటికి కట్టుకుని తిరిగే మనిషికి ఆ అరుదు అన్న మాట అంతగా పని చెయ్యదు.

ఒక పాత సంగతి చెబుతాను, ఈ విద్య నేర్చుకునేవాళ్ళందరికీ తెలియాల్సింది. 1963 డిసెంబరులో దక్షిణ ఆస్ట్రేలియాలో ఆల్డింగా తీరాన బల్లెం చేపల పోటీ జరుగుతోంది. రాడ్నీ ఫాక్స్ అనే ఆయన అంతకుముందు ఛాంపియన్. పెద్ద తెల్లసొర ఆయన్ని ఛాతీ దగ్గర పట్టుకుంది. ఎలాగో విడిపించుకుని పైకి తేలాక, ఆ సొరే చేపలు కట్టిన బెండుని నోట కరుచుకుని కిందికి పోయింది. ఆ బెండు తాడు ఆయన నడుముకే కట్టి ఉంది. తాడుతో పాటు ఆయన్నీ లోపలికి లాక్కుపోయింది. చివరికి తాడు తెగింది కాబట్టి బతికారు. తర్వాత ఆయన సొరల రక్షణ కోసమే జీవితం గడిపారు, అది వేరే కథ. మనకి కావలసింది ఆ తాడు సంగతి. బెండు తాడు గన్నుకి కట్టుకో, చేతిలో పట్టుకో, నడుముకి మాత్రం కట్టకు. చేత్తో ఒక్క గుంజు గుంజితే ఊడిపోయే క్లిప్పు ఉండాలి. ముడి వెయ్యకు. తడిసిన నైలాను ముడి నీళ్ళలో విప్పడం ఎవరి తరమూ కాదు.

ఇప్పుడు అసలు పని. చేపని చంపే పద్ధతి.

బల్లెం దిగగానే చేప తోక కొడుతుంది. తాడు లాగి ఆడించకు, నెమ్మదిగా దగ్గరికి రాబట్టు. ఒక చెయ్యి మొప్పల కింద దూర్చి గట్టిగా పట్టుకుని, ఒంటికి అదిమిపెట్టు. రెండో చేత్తో సన్నటి మొనదేలిన కత్తి గానీ ఊచ గానీ కంటికి కొంచెం వెనక, కొంచెం పైన గుచ్చి అటూ ఇటూ తిప్పు. మెదడు అక్కడే ఉంటుంది. సరిగ్గా తగిలితే చేప ఒళ్ళంతా ఒక్కసారి బిగుసుకుని, రెక్కలు విచ్చుకుని, తర్వాత పూర్తిగా వదులైపోతుంది. నోరు తెరుచుకుంటుంది. అంతటితో చప్పుడు ఆగిపోయినట్టే. జపాను మత్స్యకారులు దీన్ని ఇకిజిమే అంటారు, మాంసం రుచి చెడకుండా ఉండటానికి తరతరాలుగా చేస్తున్నారు. మనకి రెండు లాభాలు. చేపకి బాధ తొందరగా తీరుతుంది, సొరకి పిలుపు ఆగిపోతుంది.

వంజరం, పండుగప్ప లాంటివాటి తల పొడవుగా ఉంటుంది కాబట్టి చోటు పట్టుకోవడం తేలిక. రాళ్ళలో దొరికే గ్రూపర్ల తల ఎముక మందం, సన్న కత్తి జారిపోతుంది. వాటికి మొన గట్టిగా ఉన్న ఇనప ఊచే మేలు. ఒడ్డున కొన్న చేప తల తీసుకుని, నిలువుగా రెండు చెక్కలు చేసి మెదడు ఎక్కడుందో ఒకసారి కళ్ళారా చూడు. నేను నేర్పేవాళ్ళందరితో ముందు చేయించేది ఇదే. నీళ్ళలో వెతుక్కుంటూ నాలుగైదుసార్లు పొడిస్తే చేపా హింస పడుతుంది, నీ చెయ్యీ తెగుతుంది.

నీళ్ళలో ఉండగా మొప్పలు కొయ్యకు, కడుపు చీల్చకు. నెత్తురు తీస్తే మాంసం తెల్లగా, రుచిగా ఉంటుంది, ఆ మాట నిజమే. కానీ ఆ పని పెట్టెలో గానీ పడవలో గానీ చెయ్యి. పేగులు సముద్రంలో పారేసి అక్కడే మళ్ళీ మునిగే కుర్రాళ్ళని చూశాను. అలా చేస్తే ఆ వాసన పట్టుకుని వచ్చేవి ఒక్క సొరలే కావు.

ఇక పెట్టె. దుకాణంలో దొరికే తేలే పడవలు ఉన్నాయి, ఖరీదు ఎక్కువ. మన దగ్గర దీనికి చవక దారి ఉంది. పాత లారీ ట్యూబు తీసుకుని గాలి నింపు. మధ్యలో మందంగా ఉన్న థర్మాకోల్ ఐసు పెట్టె సరిగ్గా ఇరికేలా వలతాడుతో అల్లి బిగించు. మూత మీద సైకిలు రబ్బరు పట్టీ వేస్తే అల కొట్టినా తెరుచుకోదు. కింద ఒక చిన్న లంగరు. పైన ఎర్రగుడ్డ కట్టిన కర్ర పెట్టడం మరిచిపోకు, మోటారు పడవవాళ్ళకి నువ్వు ఉన్నావని తెలియాలి. చేపని లోపల వెయ్యి, పక్కన వేలాడదియ్యకు. ట్యూబు పక్కన తాడుకి గుచ్చి వేలాడదీసినవాళ్ళ చేపలు కూడా పోతాయి, నడుముకి కట్టుకున్నవాళ్ళ చేపల్లాగే. తేడా అల్లా వాళ్ళ తొడ దగ్గర కాకుండా కాస్త దూరంలో పోవడమే. అదీ మంచిదే అనుకో, కానీ చేప దక్కలేదు కదా.

మునిగే చోటికీ పెట్టెకీ మధ్య దూరం ఉంటే మంచిది. లోతు ఆరేడు మీటర్లయితే పెట్టె తాడు పదిహేను మీటర్లు ఉంచు. పెట్టె ఎప్పుడూ నీటి ఒరవడి నీ దగ్గర నుంచి పోయే వైపు ఉండాలి. పెట్టె నుంచి కారే నెత్తురు నీ మీదుగా కాకుండా నీకు దూరంగా పోతుంది. మన తీరంలో ఒరవడి ఋతువుని బట్టి మారుతుందని ఇంట్లో పెద్దవాళ్ళకి బాగా తెలుసు. చలికాలం దాటాక ఎండలు ముదిరేదాకా నీళ్ళు ఎక్కువగా ఉత్తరానికి లాగుతాయి. వానలు వెనక్కి తగ్గాక అక్టోబరు నుంచి దక్షిణానికి లాగుతాయి. రోజువారీ మార్పులు వేరేగా ఉంటాయి, కాబట్టి దిగేముందు బెండు ఒకటి వదిలి చూసుకో.

నీ ప్రశ్నలో నాకు అనుమానం కలిగించిన చోటు ఒకటుంది. అన్నీ సొర పనే అనుకుంటున్నావు. నువ్వు చూసింది ఒకసారి. సగం తిన్న చేపని ఒడ్డుకి తెచ్చినప్పుడు గాటు చూడు, దొంగ ఎవరో అదే చెబుతుంది.

సొర కాటు అర్ధచంద్రంలా ఉంటుంది, అంచులు రంపం కోసినట్టు గరుకుగా ఉంటాయి. చేప వెనక సగం మొత్తం పోయి, కోత కత్తితో నరికినంత తిన్నగా ఉంటే అది బర్రాకుడా. దాని పళ్ళు కత్తెర లాంటివి, వచ్చిందీ పోయిందీ నీకు తెలియదు. మాంసం మెలితిప్పి పీకినట్టు, తోలు వేలాడుతూ ఉంటే రాళ్ళలోని మోరే ఈల్, అదే బొరియల్లో తల బయటపెట్టి నోరు తెరుచుకుని ఉండే పాముచేప. గుండ్రటి చిన్న చిన్న గుంటలు ఒంటినిండా ఉంటే పొట్ట ఉబ్బించే కప్పచేపల గుంపు. నోట్లో నాలుగు పళ్ళే, కానీ వలతాళ్ళు కూడా కొరికేస్తాయి, మన వలవాళ్ళని అడుగు ఎంత నష్టం చేస్తాయో. కళ్ళు, మొప్పలు, కడుపు కింది మెత్తటి భాగం మాత్రమే పోయి మిగతా ఒళ్ళు బాగుంటే పీతలు, ఇసుక పురుగులు. అది నువ్వు చేపని అడుగున రాతికి కట్టి చాలాసేపు వదిలేశావని చెబుతుంది.

ఈ తేడా తెలుసుకోవడం ఎందుకంటే మందు వేరు. కప్పచేపలు వస్తున్నాయంటే చేప నీళ్ళలో ఎక్కువసేపు నానుతోంది, అంతే. వలవాళ్ళకి ఈ సంగతి బాగా తెలుసు. మా చిన్నాన్న కప్పచేపలు దిగిన రోజుల్లో వల తెల్లారేదాకా ఉంచేవాడు కాదు. చీకటి ఉండగానే లాగేసేవాడు. చేపలు తక్కువ పడినా, పడినవి నిండుగా దక్కేవి. బల్లెం వేటకీ అదే వర్తిస్తుంది. మోరే అయితే నువ్వు కొట్టిన చేప బొరియలోకి దూరుతోందని అర్థం. దాన్ని బయటికి లాగడానికి చెయ్యి లోపల పెట్టకు. మోరే గొంతులో రెండో దవడ ఉంటుంది, అది ముందుకి వచ్చి పట్టినదాన్ని లోపలికి లాక్కుంటుంది. వేలు దొరికితే పళ్ళు విడిపించడం చాలా కష్టం. తాడు వదులు చేసి, పైకి వచ్చి ఊపిరి తీసుకుని, మళ్ళీ దిగి వేరే కోణం నుంచి లాగు. రాకపోతే బల్లెం ఊచ ఒక్కటి పోయినా ఫర్వాలేదు.

బర్రాకుడా విషయంలో ఒంటి మీద మెరిసే వస్తువులు తీసెయ్యి. గొలుసు, ఉంగరం, స్టీలు గడియారం. మెరుపుని చిన్న చేప అనుకుని దూసుకొస్తుంది. మన నీళ్ళు సగం రోజులు మసకగా ఉంటాయి కాబట్టి ఈ జాగ్రత్త ఇక్కడ మరీ అవసరం.

చోటు, వేళ. సొరల దొంగతనం చేపని చంపే తీరుతో పాటు నువ్వు ఎక్కడ, ఎప్పుడు దిగుతున్నావన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. నువ్వు సోనాపూర్ అన్నావు. అక్కడ బాహుదా నది కలుస్తుంది. నది ముఖం దగ్గర, అందులోనూ వాన పడ్డాక రెండు మూడు రోజులు, నీళ్ళు ఎర్రగా బురదగా ఉన్నప్పుడు మునగకు. మంచినీళ్ళలోకి కూడా ఈదుకుంటూ వెళ్ళగలిగే బుల్ షార్క్ అనే సొరకి ఇలాంటి నదీముఖాలే ఇష్టం. బరువైన జాతి, దూకుడుది. పొద్దున్నే వెలుగు రాకముందు, సాయంత్రం వెలుగు పోయాక కూడా వద్దు, వేటాడే చేపలన్నీ ఆ వేళల్లోనే తిరుగుతాయి. ఎండ బాగా పడే వేళ, నీళ్ళలో నీ కాళ్ళకి తొడిగిన ఫిన్ల కొసలు నీకు కనిపించేంత తేటగా ఉంటేనే దిగు. మన దగ్గర అలాంటి రోజులు చలికాలం నుంచి వేసవి మొదటిదాకా దొరుకుతాయి. వైశాఖం దాటి కడలి లేచాక నేను బల్లెం గోడకి తగిలించేస్తాను.

ఉత్తరాన రుషికుల్యా వైపు వెళ్ళాలనుకుంటే రెండుసార్లు ఆలోచించు. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి గుంపులుగా వచ్చే చోటు అది. ఒడిశాలో ధామ్రా, దేవి, రుషికుల్యా నదీముఖాల దగ్గర ఒడ్డు నుంచి 20 కిలోమీటర్ల దాకా నవంబరు 1 నుంచి మే 31 వరకు చేపల వేట మీద నిషేధం ఉంటుంది. అధికారుల భయం అలా ఉంచి, తాబేళ్ళున్న చోటికి వాటిని తినే పెద్ద సొరలు రావడం సహజం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరమంతటా యాంత్రిక పడవల వేట నిషేధం సంగతి నీకు తెలిసే ఉంటుంది. గోపాలపూర్ పోర్టు రాతికట్ట వైపు మాత్రం వెళ్ళకు. రాళ్ళలో చేపలు ఉంటాయి, నిజమే, కానీ అది ఓడలు తిరిగే చోటు, అనుమతి లేని చోటు.

ఒమాన్‌లో ఇంకోటి గమనించాను. ఒకే రాతి దగ్గరికి రోజూ వెళ్ళి వంజరం కొడుతుంటే కొన్నాళ్ళకి సొరలు ఇంజను చప్పుడుకే దగ్గరికి వచ్చేవి. పడవ ఆగగానే కింద తిరుగుతుండేవి. వాటికి అలవాటు చేసింది మేమే, తలలూ పేగులూ అక్కడే పారేసేవాళ్ళు కొందరుండేవారు. అప్పుడు మా పెద్దాయన చేసిన పని, ఆ చోటు కొన్ని వారాలు పూర్తిగా వదిలెయ్యడం. మీ గుంపు కూడా వారం వారం ఒకే రాయి దగ్గర దిగుతుంటే చోటు మార్చండి. ఒక చోట రెండు మూడు చేపలు కొట్టాక ఇంకో చోటికి జరగండి.

సొర కనిపిస్తే. నీ చేతిలో చేప లేకపోతే పెద్దగా గాభరా పడనక్కర్లేదు. దాని వైపే తిరిగి, కళ్ళు దాని మీదే ఉంచి, నిటారుగా ఉండు. వీపు చూపించి పారిపోకు. ఫిన్లతో నీళ్ళు కొట్టి నురగ లేపితే నువ్వే దెబ్బతిన్న చేపవి అవుతావు. నెమ్మదిగా పెట్టె వైపు, పడవ వైపు వెనక్కి వెళ్ళు. మిత్రుడు పక్కన ఉంటే ఇద్దరూ వీపులు ఆనించుకుని పైకి రండి. చేతిలో చేప ఉంటే, అది గుండ్రంగా తిరుగుతూ చుట్టు చిన్నది చేసుకుంటుంటే, చేపని తాడుతో సహా వదిలేసి దూరంగా జరుగు. వీపు విల్లులా వంచి, పక్కరెక్కలు కిందికి దించి, బిగుసుకున్నట్టు ఈదుతుంటే అది దాడికి ముందు చేసే బెదిరింపు. గ్రే రీఫ్ సొర ఇలా చేస్తుందని శాస్త్రజ్ఞులు దగ్గరగా చూసి రాశారు. అన్ని జాతులూ ముందే ఇలా చెప్పవు, చెప్పినప్పుడు మాత్రం వెంటనే వినాలి.

బల్లెంతో తొయ్యొచ్చు, పొడవకూడదు. గన్ను మొన దాని ముక్కు మీద గానీ పక్కన గానీ ఆనించి దూరంగా నెట్టడం అందరూ చేసేదే, అది సరిపోతుంది. పేల్చి గుచ్చావనుకో, గాయపడ్డ సొర నీ తాడు చివర వేలాడుతుంది. అప్పుడు కొట్టుకునే చప్పుడూ నెత్తురూ అన్నీ నీ దగ్గరే పుడతాయి, మిగతావి కూడా వస్తాయి. పైగా చట్టం ఉంది. తిమింగలం సొర, రంపపు చేపలు, కొన్ని టేకు చేపలు, డాల్ఫిన్లు, సముద్రపు తాబేళ్ళు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కాపాడబడుతున్న జీవులు. మసక నీళ్ళలో ఏ జాతో నీకెలా తెలుస్తుంది? పెద్ద గ్రూపర్ల విషయంలోనూ జాగ్రత్త. మనిషంత పెరిగే జెయింట్ గ్రూపర్ కూడా ఆ చట్టం కాపాడే చేపే. అది నీ చేపని మింగితే మింగనియ్యి, దాన్ని మాత్రం కొట్టకు.

డాల్ఫిన్లు వలలోంచి చేపలు లాక్కోవడం మన వలవాళ్ళు చూసినదే. మునిగే మనిషి దగ్గర చేప ఎత్తుకుపోవడం నేనైతే చూడలేదు. వచ్చినా ఏమీ చెయ్యకు, చూసి సంతోషించు.

ఇప్పుడు అయస్కాంతం పట్టీ. 2018లో ఆస్ట్రేలియాలో ఫ్లిండర్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు దుకాణాల్లో అమ్మే ఐదు రకాల సొర నివారణ సాధనాల్ని తెల్లసొరల ముందు పరీక్షించారు. అయస్కాంతం పట్టీ, వాసన మైనం లాంటివి చెప్పుకోదగ్గ తేడా చూపలేదు. కరెంటు క్షేత్రం పుట్టించే సాధనం ఒక్కటే బాగా పనిచేసింది, అదీ పూర్తిగా కాదు. ఎర తినేయడం 96 శాతం నుంచి 40 శాతానికి తగ్గింది. అంటే మంచిదనిపించుకున్నది కూడా పదిసార్లలో నాలుగుసార్లు ఎరని కాపాడలేకపోయింది. పైగా అది చేప కొట్టుకుంటుంటే కాదు, మామూలుగా ఎర వేలాడదీసి చేసిన పరీక్ష. పట్టీ కట్టుకున్న కుర్రాడు ధైర్యంగా ఉంటాడు, చేపని నడుము మీదే ఉంచుకుంటాడు. నాకు దాని మీద ఉన్న అభ్యంతరం అదే.

ఊపిరి. ఇది నువ్వు అడగలేదు, అయినా చెప్పకుండా ఉండలేను. ఈ విద్యలో సొర కంటే ఎక్కువమందిని తీసుకుపోయేది నీటి పైకి వస్తూ వస్తూ స్పృహ తప్పడం. సొర చేపని లాగుతుంటే, పోనివ్వకూడదన్న పట్టుదలతో ఇంకో పది సెకన్లు కింద ఉండిపోతావు. ఆ పది సెకన్లే ప్రమాదం. పైకి వచ్చే చివరి కొన్ని మీటర్లలో ఒంట్లోని ఆక్సిజన్ ఒక్కసారిగా పడిపోతుంది, ముందు ఏ హెచ్చరికా ఉండదు. అందుకే ఇద్దరూ ఒకేసారి మునగకూడదు. ఒకరు కింద, ఒకరు పైన. పైనున్నవాడు కిందివాణ్ణి చూస్తూనే ఉండాలి, పైకి వచ్చాక కూడా అర నిమిషం చూడాలి. సొర వస్తే ముందు తెలిసేదీ పైనున్నవాడికే. మీరు నలుగురు అన్నావు కదా, రెండు జంటలుగా విడిపోండి. దిగేముందు గబగబా పదేపదే గాలి పీల్చి వదలడం మానుకోండి, అది ఊపిరి పెంచదు, ఊపిరి అయిపోయిందన్న కబురు మాత్రం ఆలస్యం చేస్తుంది.

పైకి తెచ్చిన చేప సంగతి కూడా రెండు ముక్కలు. సొర నుంచి కాపాడిన వంజరాన్ని ఎండలో మూడు గంటలు ఉంచితే ఏం లాభం? వంజరం, కానాగంత, ట్యూనా జాతుల్లో వేడికి హిస్టమిన్ అనే విషపదార్థం పుడుతుంది, కూర వండినా అది పోదు. తిన్నవాళ్ళకి ముఖం ఎర్రబడటం, తలనొప్పి, దద్దుర్లు. అందుకే పెట్టెలో చేప బరువుకి సమానంగా పొడి ఐసు, అంటే దంచిన ఐసు, ముందే వేసుకుని వెళ్ళు. ఒడ్డున గద్దలూ కుక్కలూ ఉండనే ఉన్నాయి, మూత తెరిచి కబుర్లలో పడకండి.

పెట్టె కట్టడంలో ఎక్కడైనా ఆగిపోతే అడుగు తమ్ముడూ, తాడు అల్లే తీరు ఫోటోలు పెడతాను. నువ్వు కూడా ఈసారి సగం తిన్న చేప దొరికితే పారెయ్యకుండా గాటు దగ్గరగా ఒక ఫోటో తీసి ఇక్కడ పెట్టు. పక్కన ఒక రూపాయి బిళ్ళ ఉంచితే కాటు సైజు తెలుస్తుంది. ఎంత లోతులో, ఏ వేళకి, నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయో కూడా రాయి. అది చూసి దొంగ ఎవరో చెబుతాను.